మా బాబు ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ 62 వచ్చింది. అంటే ఏమిటండీ?

బ్రాడీపేట వాణి · రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా బాబుకి పదకొండేళ్ళు. మూడేళ్ళుగా చలి మొదలైతే చాలు, తెల్లవారుజామున మూడింటికి దగ్గుతూ లేచి కూర్చుంటాడు. ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. ఇన్నాళ్ళూ నెమ్ము అన్నారు. ఒక్కో చలికాలంలో నాలుగైదు సార్లు యాంటీబయాటిక్ సిరప్ తాగించాను. వారం బాగుండేవాడు, మళ్ళీ మామూలే.

నిన్న వేరే డాక్టరు గారికి చూపించాం. ఒక చిన్న మెషిన్‌లోకి ఊదించారు. తెర మీద మబ్బు బొమ్మ వస్తుంది, ఊదినంతసేపూ అది రెండు గీతల మధ్యే ఉండాలి. మావాడు రెండుసార్లు గట్టిగా ఊదేశాడు, మబ్బు పైకి ఎగిరిపోయింది. మూడోసారికి కుదిరింది. రిపోర్టులో 'ఫీనో 62 పీపీబీ' అని ఉంది. ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువుంది, ఇది అలర్జీ ఆస్తమా, నోటితో పీల్చే స్టెరాయిడ్ పంపు వాడాలి అన్నారు. బయట జనం చాలామంది ఉంటే ఎక్కువ అడగలేకపోయాను.

రాత్రంతా టెన్షన్. ఈ గ్యాసు వాడి ఊపిరితిత్తుల్లో చేరి విషంలా పనిచేస్తోందా? బండ్ల పొగలో నుంచి వచ్చిందా? మా మామగారికి మాత్రం బీపీకి బీట్‌రూట్ రసం తాగండి, నైట్రిక్ ఆక్సైడ్ పెరిగితే మంచిది అన్నారు. ఆయనకి మంచిదైనది వీడికి చెడ్డదెలా అయింది? దీన్ని తగ్గించే మందు ఉందా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

ఊపిరి_పీజీ · రాత్రి 10:05

అక్కా, ముందు భయం తగ్గించుకోండి. నేను ఛాతీ వైద్యంలో పీజీ చేస్తున్నాను. మీ బాబుకి చికిత్స నిర్ణయించేది వాణ్ణి చూసిన డాక్టరు గారే, నేను ఆ అంకె అర్థం మాత్రం చెబుతాను.

అది బయట నుంచి వచ్చిన గ్యాసు కాదు. వాడి శ్వాసనాళాల లోపలి పొర తనంతట తాను తయారుచేసినది. బండ్ల పొగలో మనం ఎక్కువగా భయపడేది నైట్రోజన్ డయాక్సైడ్‌కి, మత్తు డాక్టర్లు వాడేది నైట్రస్ ఆక్సైడ్. ఈ మూడు పేర్లూ కలిసిపోయి చాలామంది కంగారు పడతారు.

పీపీబీ అంటే వందకోట్ల భాగాల్లో ఎన్ని భాగాలు అని. వాడు వదిలిన గాలిని వందకోట్ల భాగాలు చేస్తే అందులో 62 భాగాలు ఈ వాయువు, అంతే. అంత కొంచెం విషమై కూర్చోదు. కానీ అది మోసుకొచ్చే కబురు పెద్దది. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011లో ఇచ్చిన లెక్క ప్రకారం 12 ఏళ్ళ లోపు పిల్లల్లో 20 లోపు ఉంటే తక్కువ, 35 దాటితే ఎక్కువ. పెద్దవాళ్ళకి ఆ గీతలు 25, 50.

అలర్జీ ఉన్న శ్వాసనాళంలో కొన్ని తెల్లకణాలు ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేతాలు వదులుతాయి. వాటిలో ముఖ్యంగా ఐఎల్-13 అందుకున్న లోపలి పొర కణాలు 'ఐనాస్' అనే ఎంజైమును విపరీతంగా తయారుచేస్తాయి. ఐనాస్ నైట్రిక్ ఆక్సైడ్ చేస్తుంది, అది ఊపిరితో బయటికొస్తుంది. అంటే 62 అన్నది 'లోపల అలర్జీ రకం వాపు ఉంది, స్టెరాయిడ్ పంపుకి బాగా లొంగే అవకాశం ఉంది' అని చెబుతోంది. యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయలేదో కూడా అందులోనే ఉంది, ఈ వాపు అలర్జీది, సూక్ష్మజీవులది కాదు.

బయోకెమిస్ట్రీ మాస్టారు · రాత్రి 11:20

వాణమ్మా, మీ మామగారి బీట్‌రూట్ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. విజయవాడలో ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను, ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

1980లో ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త రక్తనాళం లోపలి పొర ఏదో ఒక పదార్థాన్ని వదిలి నాళాన్ని సడలిస్తోందని కనిపెట్టాడు. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే చిన్న వాయువు అని 1987లో తేలింది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది. గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ బిళ్ళ పనిచేసేది కూడా ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారే. పుట్టగానే ఊపిరితిత్తుల రక్తపోటుతో నీలంగా మారిపోయే కొందరు శిశువులకి ఇదే వాయువును కొలిచి పీల్పిస్తారు. కాబట్టి దాన్ని విషం అనకండి. ఎక్కడ, ఎంత, పక్కన ఇంకేముంది అన్నదాన్ని బట్టి దాని పని మారుతుంది. మామగారి రక్తనాళాల్లో అది నాళాన్ని సడలిస్తోంది. బాబు శ్వాసనాళంలో వాపు వల్ల పొంగుతోంది.

ఇది తయారయ్యేది ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి. ఆర్జినిన్‌ని ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచిన నీళ్ళనుకోండి. ఒక తూము నాస్ ఎంజైములది, పైన చెప్పిన ఐనాస్ వాటిలో ఒకటి. అటు పారితే నైట్రిక్ ఆక్సైడ్, దానితో పాటు సిట్రులిన్ వస్తాయి. సిట్రులిన్‌కి ఆ పేరు పుచ్చకాయ శాస్త్రీయ నామం నుంచే వచ్చింది, అందులోనే మొదట దొరికింది. కణం దాన్ని మళ్ళీ ఆర్జినిన్‌గా మార్చుకోగలదు. రెండో తూము ఆర్జినేజ్ ఎంజైముది. అటు పారితే యూరియా, ఆర్నిథిన్ వస్తాయి. ఆర్నిథిన్ నుంచి ప్రోలిన్, ప్రోలిన్ నుంచి కొలాజెన్. ఏళ్ళ తరబడి ఉబ్బసం ఉన్నవాళ్ళ శ్వాసనాళాల గోడ దళసరెక్కి గట్టిపడడంలో ఈ రెండో కాలువకి వాటా ఉందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

అలర్జీ వాపులో చిక్కేమిటంటే, ఐఎల్-13 రెండు తూములనూ ఒకేసారి ఎత్తేస్తుంది. అప్పుడు ఐనాస్‌కి నీళ్ళు చాలవు, తెనాలి అవతల చివరి భూముల రైతు పరిస్థితి. ఆర్జినిన్ చాలని నాస్ ఎంజైము నైట్రిక్ ఆక్సైడ్‌కి బదులు సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపాన్ని వదలడం మొదలుపెడుతుంది. ఆ సూపరాక్సైడూ నైట్రిక్ ఆక్సైడూ కలిస్తే పెరాక్సీనైట్రైట్ పుడుతుంది. ప్రొటీన్లను పాడుచేసేది అదే. దాని గుర్తులు ఆస్తమా రోగుల శ్వాసనాళాల్లో దొరికాయి. అందుకే నా మటుకు నేను ఐనాస్‌ని అమాయకురాలు అనను.

ఊపిరి_పీజీ · రాత్రి 11:48

మాస్టారూ, మీ బ్యారేజీ పోలిక రేపు మా జూనియర్లకి చెబుతాను. చివరి మాట దగ్గర మాత్రం చిన్న అభ్యంతరం. ఐనాస్‌ని గట్టిగా ఆపే మందు ఒకటి తయారుచేసి ఆస్తమా ఉన్నవాళ్ళకి ఇచ్చి చూశారు. 2007లో ఫలితం వచ్చింది. ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ బాగా పడిపోయింది. కానీ అలర్జీ కారకం పీల్పించినప్పుడు శ్వాసనాళం బిగుసుకోవడం తగ్గలేదు, అలర్జీ వాపులో చేరే ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలూ తగ్గలేదు. అంకె దిగింది, జబ్బు దిగలేదు.

వాణి అక్క అడిగిన 'దీన్ని తగ్గించే మందు ఉందా' అన్న ప్రశ్నకి జవాబు ఇదే అనుకుంటాను. నైట్రిక్ ఆక్సైడ్‌ని తగ్గించడం మన పని కాదు. దాన్ని పుట్టిస్తున్న వాపును తగ్గించాలి. స్టెరాయిడ్ పంపు ఆ వాపును తగ్గిస్తుంది, దానితో అంకె కూడా కొద్ది రోజుల్లోనే దిగడం మొదలవుతుంది.

బయోకెమిస్ట్రీ మాస్టారు · ఉదయం 6:15

ఒప్పుకుంటున్నాను నాయనా. ఒక్క ఎంజైమును మూసేస్తే మిగతా వ్యవస్థ అంతా సర్దుకుంటుందని అనుకోవడం మా పుస్తకాలవాళ్ళ బలహీనత. నీ మాటకి బలంగా ఇంకొకటి చేరుస్తాను. నైట్రిక్ ఆక్సైడ్ ఒంట్లోనే ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థంతో జతకట్టి జీఎస్ఎన్ఓ అనే రూపంలో నిలవ ఉంటుంది. శ్వాసనాళాన్ని విప్పార్చే సహజమైన మందు అది. తీవ్రమైన ఆయాసంతో వెంటిలేటర్ దాకా వెళ్ళిన పిల్లల శ్వాసనాళ ద్రవంలో అది బాగా తక్కువగా ఉందని 1998లో ప్రచురించారు. దాన్ని విరిచేసే ఎంజైము లేని ఎలుకలకి అలర్జీ పెట్టినా శ్వాసనాళాలు బిగుసుకోలేదని 2005లో తేలింది. అంటే ఒకే మనిషి ఊపిరిలో వాయు రూపం ఎక్కువగా, మేలు చేసే రూపం తక్కువగా ఉండవచ్చు. బయటికొచ్చే అంకె ఒక్కటే చూసి మంచీ చెడూ తేల్చకూడదన్నది నీ మాట, నా మాట కూడా.

సత్యనారాయణపురం · ఉదయం 8:02

మాస్టారూ, అయితే ఆర్జినిన్ చాలడం లేదు కాబట్టి ఆర్జినిన్ పౌడర్ ఇస్తే సరిపోతుంది కదండీ? జిమ్ముకెళ్ళే మా తమ్ముడి దగ్గర డబ్బా ఉంది. మా అమ్మాయికీ ఇదే సమస్య, తొమ్మిదేళ్ళు.

బయోకెమిస్ట్రీ మాస్టారు · ఉదయం 8:30

వద్దు బాబూ. ఆ డబ్బా మీ తమ్ముడి దగ్గరే ఉండనివ్వండి. ఎలుకల్లో ఎక్కువ మోతాదు ఆర్జినిన్ ఇస్తే వాపు తగ్గిందని మన దేశంలోనే పరిశోధన జరిగింది, నేనూ ఎంతో ఆశగా చదివాను. తర్వాత అమెరికాలో తీవ్రమైన ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళకి ఇచ్చి చూస్తే ఆయాసం ముదరడం తగ్గలేదు. ఎందుకంటారా? రెండో తూము ఎత్తే ఉంది కదా. పోసిన నీళ్ళు ఎటు పోతాయో మన చేతిలో లేదు. తొమ్మిదేళ్ళ పిల్ల మీద ఆ ప్రయోగం అసలే వద్దు.

మిర్చియార్డు_శ్రీను · ఉదయం 10:10

వాణి గారూ, మాది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. కొత్త కాయ దిగే రోజుల్లో ఉదయం ఆరింటికి యార్డులోకి అడుగుపెడితే అలవాటు లేనివాళ్ళు నిలబడలేరు. తేజా రకం మిర్చి టిక్కీ (బస్తా) కోసి కాయ కింద పోస్తే లేచే ఘాటు ముక్కులోంచి నేరుగా గొంతులో దిగుతుంది. మా అన్నయ్య ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు, సీజనంతా దగ్గే. తొడిమలు తీసే ఆడవాళ్ళు కొంగు ముక్కుకి చుట్టుకుని పొద్దుగూకేదాకా అందులోనే కూర్చుంటారు. వాళ్ళ దగ్గు వింటుంటే బాధేస్తుంది. ఇదంతా మిర్చి అలర్జీయేనా? వాళ్ళకీ ఈ ఊదే టెస్టు చేయిస్తే ఉపయోగం ఉందా?

ఊపిరి_పీజీ · ఉదయం 11:35

శ్రీను గారూ, ఈ టెస్టు నిజంగా పనికొచ్చేది మీరు అడిగినలాంటి చోటే.

మిర్చి ఘాటుకి కారణం క్యాప్సైసిన్. అది శ్వాసనాళంలో మంటను పసిగట్టే నరాల చివర్లను నేరుగా తాకుతుంది. పొయ్యి మీద పోపులో మిరపకాయ మాడితే ఇంటిల్లిపాదీ దగ్గుతారు చూడండి, వాళ్ళందరికీ అలర్జీ ఉందని కాదు కదా. ఆ దగ్గులో ఐఎల్-13 పాత్ర లేదు, ఐనాస్ పెరగనక్కర్లేదు. అలాంటివాళ్ళు ఊదితే అంకె మామూలుగానే ఉండవచ్చు, స్టెరాయిడ్ పంపు పెద్దగా తేడా చూపకపోవచ్చు. వాళ్ళకి అసలు మందు దుమ్ము తగ్గించడం, సరైన మాస్కు.

అయితే కాయ తడిసి బూజు పడితే కథ వేరు. బూజు రేణువులు నిజమైన అలర్జీ కారకాలు. ఇంట్లో పరుపు దుమ్ములోని పురుగులు, బొద్దింకలు, ఊరి బయట వయ్యారిభామ పుప్పొడి కూడా అంతే. యార్డులో దగ్గేవాళ్ళందరినీ ఒకే గాటన కట్టకుండా ఎవరిది ఏ రకమో విడదీయడానికి ఈ అంకె సాయపడుతుంది. ఒక జాగ్రత్త. మీ అన్నయ్య సిగరెట్టు, చుట్ట కాలుస్తారా? పొగతాగేవాళ్ళలో ఈ అంకె తగ్గి కనిపిస్తుంది. లోపల వాపు ఉన్నా కాగితం మీద బాగున్నట్టే ఉంటుంది.

మిర్చియార్డు_శ్రీను · ఉదయం 11:50

కాలుస్తాడండీ. రోజుకి పెట్టె.

ఊపిరి_పీజీ · మధ్యాహ్నం 12:05

అయితే ఆ విషయం డాక్టరు గారికి ముందే చెప్పండి. ఊదే టెస్టు ఒక్కటే కాకుండా ఊపిరితిత్తుల పనితీరు కొలిచే స్పైరోమెట్రీ, ఎక్స్‌రే కూడా చేయించాలి. ఇరవై ఏళ్ళ దుమ్ము, ఇరవై ఏళ్ళ పొగ. ఆస్తమా కాక సీఓపీడీ, అంటే పొగ, దుమ్ముల వల్ల శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు, అయ్యే అవకాశం కూడా ఉంది. ఆలస్యం చేయకండి.

పటమట_రమ · మధ్యాహ్నం 2:20

నాకు నలభై ఆరు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. మృగశిర కార్తెకి నాన్నగారు భుజాన ఎక్కించుకుని చేప మందుకి హైదరాబాదు తీసుకెళ్ళేవారు. ఆ రైలు ప్రయాణంలో నా వీపు నిమురుతూ కూర్చున్న ఆయన చెయ్యి ఇప్పటికీ గుర్తుంది. మా తరం పిల్లలకి రోజూ వాడే పంపు అంటే ఏమిటో తెలియదు. వాణీ, మీ బాబుకి పదకొండేళ్ళకే తెలిసింది, అది అదృష్టం అనుకోండి.

నా ప్రశ్న ఒకటి. భ్రామరి ప్రాణాయామం చేస్తే నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుందని మా యోగా క్లాసులో చెప్పారు. ఇక్కడేమో పెరిగితే వాపు అంటున్నారు. నేను మానెయ్యాలా?

ఊపిరి_పీజీ · మధ్యాహ్నం 3:40

మానక్కర్లేదు ఆంటీ. మన ముఖం ఎముకల్లో ఉండే సైనస్ గదులు ఈ వాయువును ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటాయి. నోరు మూసుకుని మ్‌మ్‌ అని శబ్దం చేస్తే ఆ గదుల్లో గాలి కదిలి ముక్కులోకి వస్తుంది. మామూలుగా ముక్కుతో వదిలినప్పటి కంటే 15 రెట్లు ఎక్కువ వచ్చిందని స్వీడన్‌లో 2002లో కొలిచారు. అది సైనస్‌ది, కింద శ్వాసనాళాల వాపుది కాదు. భ్రామరి మనసుకి హాయిగా ఉంటే చేయండి. పంపు మాత్రం మానకండి.

ఫీనో మెషిన్‌లో ఊదేటప్పుడు సన్నని అడ్డు పెట్టి సెకనుకి 50 మిల్లీలీటర్ల వేగంతో ఊదమనేది కూడా ఇందుకే. ఆ ఒత్తిడికి అంగిలి వెనక భాగం పైకి లేచి ముక్కుదారి మూసుకుంటుంది. లేకపోతే ముక్కు వాయువు కలిసిపోయి లెక్క తప్పుతుంది. మబ్బు పైకెళ్ళిపోతే మళ్ళీ ఊదించింది అందుకే, వాణి అక్కా. బీట్‌రూట్, ఆకుకూరలు తిని వెంటనే వెళ్ళినా అంకె పెరుగుతుంది. ఈసారి టెస్టుకి గంట ముందు నుంచి ఏమీ పెట్టకండి.

మందులషాపు_బెజవాడ · సాయంత్రం 6:30

నేను ఏలూరు రోడ్డులో మందుల షాపు నడుపుతాను. రోజూ చూసే సంగతి చెప్పాలని రాస్తున్నాను. ఉత్త సాల్బుటమాల్ పంపు ఒక్కటే నెలకి రెండు మూడు కొనుక్కెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. డాక్టరు రాసిన రెండో పంపు ఏమైందండీ అంటే 'అందులో స్టెరాయిడ్ ఉందట, అలవాటైపోతుందట' అంటారు. సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాన్ని సడలిస్తుంది, వాపు జోలికి పోదు. పైన చెప్పిన ఐనాస్, ఐఎల్-13 గొడవంతా లోపల అలాగే సాగుతుంటుంది. ఉత్త సాల్బుటమాల్‌తోనే నెట్టుకు రావద్దని 12 ఏళ్ళు దాటినవాళ్ళ విషయంలో జినా అనే అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు 2019లోనే చెప్పాయి. పంపులో వచ్చే స్టెరాయిడ్ మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా శ్వాసనాళానికే చేరుతుంది. బాధ్యత ఉన్న మనిషిగా చెబుతున్నాను, పిల్లలకి సగంలో ఆపకండి.

బాబుకి స్పేసర్, అంటే పంపుకి తగిలించే గొట్టం, ఇచ్చారా అమ్మా? పంపు వాడాక నోరు పుక్కిలించమనండి. స్పేసర్‌ని వారానికోసారి సబ్బు నీళ్ళలో ముంచి తీసి అలాగే ఆరనివ్వండి. గుడ్డతో తుడవకండి, లోపల కరెంటు పుట్టి మందు గోడలకి అంటుకుపోతుంది.

బ్రాడీపేట వాణి · రాత్రి 9:15

అందరికీ చేతులెత్తి దండం. స్పేసర్ ఇచ్చారండీ. నిజం చెప్పాలంటే పంపు కొన్నాను కానీ నిన్న రాత్రి వాడించలేదు. భయమేసింది. ఇవన్నీ చదివాక ఇందాకే రెండు పఫ్‌లు ఇచ్చాను. పరుపు ఎండలో వేశాను, దిండు గలీబులు వేడి నీళ్ళలో ఉతికాను.

బ్రాడీపేట వాణి · ఏడు వారాల తర్వాత, సాయంత్రం 7:05

ఈ చర్చ మళ్ళీ పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి, మీకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఇవాళ మళ్ళీ ఊదించారు. 27 వచ్చింది. మూడో వారం నుంచే తెల్లవారుజామున లేవడం తగ్గింది. ఇప్పుడు మూడింటికి అలవాటుకొద్దీ నాకే మెలకువ వస్తోంది. వాడి దగ్గరికెళ్ళి ఛాతీ మీద చెవి పెట్టి వింటాను, పిల్లికూతలు లేవు.

తమ్ముడూ, అంకె దిగింది కదా, పంపు ఆపేయొచ్చా అని మావారు అడుగుతున్నారు.

ఊపిరి_పీజీ · రాత్రి 8:20

చాలా సంతోషం అక్కా! కానీ ఇప్పుడే ఆపకండి. వాపు దిగింది కాబట్టి అంకె దిగింది. మందు ఆపితే ఐఎల్-13 మళ్ళీ లేస్తుంది, అంకె దాని వెనకే వస్తుంది. కనీసం మూడు నెలలు ఇలాగే నిలకడగా ఉంటే అప్పుడు డాక్టరు గారే మోతాదు మెల్లగా తగ్గిస్తారు. మధ్యలో జలుబు చేసి దగ్గు పెరిగితే ఏం చేయాలో ఆయన చేత కాగితం మీద రాయించుకోండి.

మిర్చియార్డు_శ్రీను · రాత్రి 8:45

మంచి మాట చెప్పారు వాణి గారూ. మా అన్నయ్యకి 14 వచ్చింది. స్పైరోమెట్రీలో మాత్రం సీఓపీడీ అని తేలింది. సిగరెట్టు మానేసి పద్దెనిమిది రోజులైంది. మా కొట్లో తొడిమలు తీసే పదకొండు మందికి మాస్కులు తెప్పించాను, టిక్కీలు కోసే చోటికి దూరంగా గాలి వచ్చే వైపు కూర్చోబెడుతున్నాం.

బ్రాడీపేట వాణి · రాత్రి 9:02

అలాగే తమ్ముడూ, ఆపను. మావారికి మీ జవాబు చూపించాను. కాగితం రేపే రాయించుకుంటాం. ఇంకోటి చెప్పడం మరిచాను, ఈసారి మబ్బు మొదటి ఊదుకే గీతల మధ్య నిలబడింది.